తుండు కింద రెండు వేళ్ళు

మా నాయన తుండు వెంట తీసుకుని కారెక్కడం నా బుద్ధితక్కువ. తాంబరం దాటకముందే నలుగురమూ తుమ్మడం మొదలుపెట్టాం. ఉతికి ఆరేసిన తుండే అది. అయితే ఎండుమిరపకాయల మండీలో తిరిగే మనిషి భుజం మీది గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా దాని ఘాటు దానిదే.

"ఏందే రంజితా, గిది తువ్వాలనా, మిరపకాయల బస్తానా?" అంది ఉజ్వల ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ.

"కొండమీద చలి అంటిరి గదా. చింతాద్రిపేటలో స్వెట్టరు ఎవురికుంటాది? దండెం మీద ఇది కనపడె, లాక్కొచ్చేస్తిని," అన్నాను.

"పాపం, మీ నాయన ఈ పొద్దు తుండు లేకుండా మండీకి పొయ్యుంటాడు. ఎవురో కొత్త మనిషి వచ్చినాడని ఆడ కాఫీ ఇచ్చుంటారు," అన్నాడు కారు నడుపుతున్న జయప్రకాష్.

జయప్రకాష్ మద్రాసు చింతాద్రిపేటలో మా వీధివాడే. మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతల వాళ్ళ మోటారు పంపుల అంగడి. పలకా బలపం నాటి నుంచి నాకు స్నేహితుడు. ఉజ్వలది వరంగల్లు, షోళింగనల్లూరులో మా ఆఫీసులో నా పక్క కుర్చీ. ఇక కారులో నా పక్కన కూర్చుని, తుమ్ము వచ్చినప్పుడల్లా ముఖం నా భుజానికి ఆనించుకుంటున్న మనిషి జగన్. అమలాపురం దగ్గర పల్లెటూరు, అతనిదీ మా ఆఫీసే. అతను నాకు ఏమవుతాడో కారులో ఉన్న మిగతా ఇద్దరికీ తెలుసు. మా ఇంట్లో తెలియదు. వాళ్ళింట్లో బొత్తిగా తెలియదు. నాలుగేళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

వచ్చే వారం అతన్ని ఆఫీసువాళ్ళు పూణేకి పంపుతున్నారు. అతను పోయేలోపల అందరం కలిసి ఏర్కాడు వెళ్ళివద్దామని ఉజ్వల పట్టుబట్టింది. సేలం పక్కన కొండమీద ఊరు అది, ఊరి నడుమ పెద్ద చెరువు. వాళ్ళు ముగ్గురూ ఆ కొండను, ఆ నీళ్ళను చూడడానికి బయలుదేరారు. నేను మాత్రం ఒక మాట కోసం బయలుదేరాను. మా నాయన ముందు కూర్చుని "మీ అమ్మాయిని చేసుకుంటాను" అని జగన్ ఎప్పుడు అంటాడు? అది తెలిస్తే చాలు. ఏ నెలలో అన్నా సరే, నేను కాచుకుని ఉంటాను. వ్యాపారం ఇంట్లో పుట్టినదాన్ని, సరుకు ఆలస్యమైతే ఓర్చుకోగలను. ఎప్పుడు వస్తుందో తెలియకపోతేనే నాకు నిద్ర పట్టదు.

తుమ్ములు తగ్గాక ఉజ్వల ఆ తుండు కథ అడిగింది. చెప్పాను.

మా నాయన వీరరాఘవులు ఎండుమిరప దళారి. కొత్వాల్ చావడి వెనక సందులో మండీ. గుంటూరు సరుకు వచ్చినా, రామనాథపురం గుండుమిరప వచ్చినా అక్కడ ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు, పైన తుండు కప్పుతారు. ఆ తరువాత మాట్లాడేవి వేళ్ళే. ఒక వేలు పట్టి నొక్కితే ఒకటి, రెండు పట్టి నొక్కితే రెండు. చుట్టూ పదిమంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నా లోపల ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు. ఇప్పటి కుర్రవాళ్ళు ఫోన్లలోనే కానిచ్చేస్తున్నారు. మా నాయన, ఆయన ఈడు వాళ్ళు కొందరు మాత్రం ఇంకా తుండు వదల్లేదు.

"ఒక్కటంటే ఏందే? ఒక్క రూపాయా, వంద రూపాయలా?" అంది ఉజ్వల.

"అది ముందే నోటితో అనుకోవాల. నూర్లలోనా, వేలల్లోనా అని. తుండు కప్పేదానికి ముందు పైకి చెప్పేది ఆ ఒక్క మాటే. కప్పినాక ఇంక నోరు తెరవకూడదు."

"బేరం కుదరకపోతేనో?"

"చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తుండు దులిపి భుజాన ఏసుకుంటారు. అంతే. ఎవురికీ కోపం ఉండదు, కలిసి టీ తాగేదానికి పోతారు. ఎంత అడిగినాడు, ఎంత కాదన్నాడు అని తరవాత ఎవురూ నోరెత్తకూడదు. తుండు కింద మాట తుండు కిందనే."

"మంచిగనే ఉంది గనీ, నాకైతే గిట్ల నడ్వదు," అంది ఉజ్వల. "అడగంది అమ్మయినా అన్నం పెట్టదంటరు. నోరున్నది ఎందుకు మరి?"

నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ పద్ధతి మీద ఎంతో ఇష్టం. అడిగినవాడి పరువూ పోదు, కాదన్నవాడి పరువూ పోదు. మనుషులు ఒకరినొకరు అడగలేక చచ్చే విషయాలన్నిటికీ ఒక తుండు ఉంటే బాగుండును అనుకునేదాన్ని.

జగన్‌కు ఈ విద్య నేనెప్పుడో నేర్పాను. ఆఫీసు క్యాబులో అందరి మధ్యా కూర్చుని నా చున్నీ కింద వేళ్ళు పట్టుకుని, సాయంత్రం ఎన్ని గంటలకు కిందికి దిగుతాడో చెప్పేవాడు. పక్కవాళ్ళు నిద్రపోతూ ఉండేవారు. నేను కిటికీలోంచి ఓఎంఆర్ రోడ్డు మీద ట్రాఫిక్ చూస్తూ, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని, లోలోపల మురిసిపోయేదాన్ని. ఆ రోడ్డు మీద అంత సంతోషంగా ప్రయాణం చేసిన మనిషి ఇంకొకరు ఉండరు.

ఉళుందూరుపేట దాటాక చింతచెట్ల కింద కారు ఆపి, మా అమ్మ కస్తూరి కట్టిచ్చిన పులిహోర తిన్నాం. జగన్ వేలు నాకి, "మీ అమ్మగారికి చెప్పు, మా గోదావరి పులిహోర కూడా దీని ముందు దిగదుడుపే అని," అన్నాడు.

"నువ్వే వచ్చి చెప్పరాదా," అన్నాను.

అతను నవ్వి నీళ్ళ సీసా అందుకున్నాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అది అవుననీ కాదు, కాదనీ కాదు. నాలుగేళ్ళుగా ఆ నవ్వు మీదనే బతుకుతున్నాను, ఆ నవ్వంటే నాకు ఎంత ఇష్టమో అంత మంట.

సేలం దాటి కొండ అడుగున టీ అంగడి దగ్గర ఆగాం. జయప్రకాష్ టైర్లలో గాలి చూసుకుంటున్నాడు, ఉజ్వల కోతులకు ఫొటోలు తీస్తోంది. టీ గ్లాసులు పట్టుకుని మేమిద్దరమే బల్ల మీద కూర్చున్నాం. ఇంక ఆగలేకపోయాను.

"పూణేకి పొయ్యేలోపల మా నాయనను చూస్తావా?" అన్నాను.

టీ మీద మీగడ ఊదుకున్నాడు. "పైకెళ్ళాక మాట్లాడుకుందాం రంజీ. చెరువు దగ్గర. ఇక్కడ వీళ్ళ ముందు ఎందుకు? నేనే చెప్తాను," అన్నాడు.

నేనే చెప్తాను అన్నాడు. ఆ మాటకే నాకు కొండ ఎక్కకముందే చెవులు మూసుకుపోయాయి. ఘాట్ రోడ్డు మలుపు మలుపుకూ కారు ఒకవైపు ఒరుగుతుంటే నేను అతని మీదికి, అతను నా మీదికి ఒరుగుతూ పోయాం. కిందనున్న సేలం ఊరు చిన్నదైపోయింది. గాలి చల్లబడింది. కాఫీ తోటల్లో కాయలు ఎర్రగా పండి ఉన్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముహూర్తం సంక్రాంతి వెళ్ళాక తై నెలలో పెట్టుకుంటే మండపం దొరుకుతుందా, వాళ్ళ అమ్మగారికి మా మద్రాసు తెలుగు అర్థమవుతుందా అని నేను లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

"ఒక వాంతి కవరు సిద్ధంగా పెట్టుకోండి. రంజీ ముఖం రొంబ మారిపోయుండాది," అన్నాడు జయప్రకాష్ అద్దంలో చూసి.

"మూసుకుని రోడ్డు చూడు పా," అన్నాను.

చెరువు కనబడగానే అందరం మాట్లాడడం మానేశాం. నీళ్ళ మీద పొగమంచు కదులుతోంది. అవతలి ఒడ్డున చెట్లు సగం ఉన్నాయి, సగం లేవు. మద్రాసులో నీళ్ళంటే మాకు సముద్రం, అది ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది. లేకపోతే కూవం మురుగు నది, దాని పక్కన ముక్కు మూసుకుని నడుస్తాం. ఊరికే అలా నిలబడి ఉన్న నీళ్ళను చూసి నాకు ఏడుపొచ్చింది. ఇక్కడే ఉండిపోదాం అని అతనితో అనాలనిపించింది.

"గిదేనా లేకు? గింత దానికి గంత దూరం తోలుకొచ్చిన్రా?" అంది ఉజ్వల. "మా దిక్కు ఊరికో చెర్వు ఉంటది, గింతకన్న పెద్దవి." అంటూనే అందరికంటే ముందు బోటు టికెట్లకు పరుగెత్తింది.

ఇద్దరిద్దరు తొక్కే బోట్లు అవి. ఉజ్వలా జయప్రకాషూ ఒకదాంట్లో ఎక్కి, చెరో దిక్కుకూ తిప్పబోయి, ఒడ్డు పక్కనే గిరగిరా తిరుగుతూ కొట్లాడుకుంటున్నారు. మేం తొక్కుకుంటూ నడిమధ్యకు పోయాం. అక్కడ తొక్కడం ఆపాడు జగన్. బోటు తనంతట తానే మెల్లగా తిరుగుతోంది. వాళ్ళ అరుపులు మంచులోంచి సన్నగా వినబడుతున్నాయి.

నేను కాచుకున్నాను. అతను నీళ్ళను చూస్తున్నాడు. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి, మళ్ళీ ఆగిపోయాయి. నేను నోటితో అడగొచ్చు. కాని టీ అంగడిలో అడిగాను, పులిహోర దగ్గర అడిగాను, ఇంకొక్కసారి అడిగితే అది అడుక్కోవడమే అవుతుందని అనిపించింది. మూడు తరాల దళారుల ఇంట్లో పుట్టి అడుక్కోవడం నాకు చేతకాదు. అందుకని మా నాయన తుండు నా ఒడిలోంచి తీసి మా ఇద్దరి మధ్యా పరిచాను. దాని కింద నా చెయ్యి పెట్టాను. మా మండీలో చెయ్యి పెట్టడమే అడగడం.

జగన్ ఆ తుండును చూశాడు, నన్ను చూశాడు. అతని చెయ్యి కిందికి వచ్చింది. నా చూపుడువేలూ నడిమివేలూ రెండూ కలిపి పట్టుకున్నాడు. గట్టిగా నొక్కాడు. నొక్కి, వదలకుండా అలాగే పట్టుకున్నాడు.

రెండు.

ఇంతకంటే సంతోషం నాకు జీవితంలో రాలేదు. వచ్చిందని అబద్ధం చెప్పను. రెండు అన్నాడు, చెప్పేశాడు, చెయ్యి వెనక్కి తీసుకోలేదు, బేరం తెగలేదు. నేను అతని భుజానికి తల ఆనించాను. ఆ మంచులో ఆ తుండు ఘాటుకు ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మిరపకాయల వల్లనేనని ఇద్దరం చెప్పుకున్నాం. ఉజ్వల బోటు వచ్చి మా బోటును ఢీకొట్టేదాకా అతను నా వేళ్ళు వదల్లేదు.

మరునాడు కొండ దిగుతుంటే ఒక మలుపులో కమలాపళ్ళు అమ్ముతున్నారు. పళ్ళు గుట్టగానూ ఉన్నాయి, వలసంచుల్లోనూ ఉన్నాయి. ఉజ్వల అద్దం దించి రెండు వేళ్ళు చూపించింది. బుట్ట ముందు కూర్చున్న ఆమె తమిళంలో అడిగింది: రెండు పళ్ళా, రెండు కిలోలా, రెండు సంచులా?

నేను నా రెండు వేళ్ళకేసి చూసుకున్నాను.

రెండు దేంట్లో? రెండు వారాలా? రెండు నెలలా? రెండేళ్ళా? తుండు కప్పే ముందు నోటితో అనుకోవలసిన ఆ ఒక్క మాట నేను అనలేదు. మండీలో పనికి చేరిన మొదటిరోజు వాడు కూడా ఇలాంటి తప్పు చెయ్యడు. వీరరాఘవులు కూతురు చేసింది. తిరిగి అడగబోతే, తుండు కింద మాట పైకి అడగకూడదు. పక్కన జగన్ కమలాపండు ఒలిచి తొన నా నోట్లో పెట్టాడు. తియ్యగానే ఉంది.

జగన్ పూణేకి పోయాడు. నేను సెంట్రల్ స్టేషన్‌కు పోయి ఎక్కించాను. రైలు కదిలేటప్పుడు రెండు వేళ్ళు చూపించాను. అతనూ నవ్వుతూ రెండు వేళ్ళు చూపించాడు, ఫొటోకు చూపించినట్టు.

రెండు వారాలు గడిచాయి. వారాలు కాదన్నమాట, నెలలే అనుకున్నాను. నిజానికి వారాల్లో ఎవరైనా ఎలా వస్తారు, కొత్త ఊరు, కొత్త పని. మా ఇంటికి ఎవరు వచ్చి గంట కొట్టినా పరుగెత్తుకుంటూ పోయి తలుపు తీసేదాన్ని. పాలవాడు, కొరియరువాడు, ఒకసారి జయప్రకాష్. "ఏంది, నన్ను చూస్తే అంత బాధగా ఉండాదా?" అన్నాడు వాడు.

రోజూ ఫోను చేసేవాడు జగన్. అతని ఫోను కోసం ఆఫీసు క్యాబులో చివరి సీటు పట్టుకునేదాన్ని. పూణేలో చలి, హోటల్లో ఉప్మా, పక్క ఫ్లాటులో కుక్క, అన్నీ చెప్పేవాడు. ఒక ఆదివారం ఏదో కొండమీది చెరువుకు పోయి ఫొటో పంపాడు. మంచు, నీళ్ళు, ఖాళీ బోటు. "నువ్వుంటే బావుండేది" అని రాశాడు. ఆ ఫొటో ఎన్నిసార్లు చూసుకున్నానో! అందులో అతను లేడు, నేను లేను. అయినా ఆ ఖాళీ బోటులో మేమిద్దరమూ కూర్చున్నట్టే నాకు కనబడేది. అతని పక్కన కూర్చోవాలని, ఏమీ మాట్లాడకపోయినా సరే, ఊరికే అతని పక్కన కూర్చోవాలని ప్రాణం కొట్టుకునేది.

ఆ తుండును మండీకి తిరిగి పోనివ్వలేదు. నా గదిలో కుర్చీ వెన్నుకు వేసి ఉంచాను. ఉతకలేదు, మడవలేదు.

రెండు నెలలూ దాటాయి. అంటే రెండేళ్ళు అన్నమాట. రెండేళ్ళంటే పెద్దేముంది, ఉండలేనా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉజ్వలతో అంటే ఆమె నా ముఖంలోకి చూసి, "నీకేమన్న పిచ్చా? ఫోను తియ్యి, అడుగు," అంది. అడగకూడదు అన్నాను. "నాకు సమజ్ అయితలేదే నీ తుండు," అని తన పని తాను చూసుకుంది.

మార్చి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా నాయన నా గదిలోకి వచ్చాడు. ఆయన నా గదిలోకి రావడం అరుదు. భోజనం చేసి, నోట్లో వక్క నములుతూ, కుర్చీ వెన్నున ఉన్న తుండును చూస్తూ నిలబడ్డాడు.

"నా తుండు ఈడుండాదా? నేను యాడో పారేసుకున్యాననుకుంటిని," అన్నాడు.

ఆయన తుండు తీసి చేతి మీద కప్పుకున్నాడు. మంచం అంచున నా పక్కన కూర్చుని చెయ్యి నా వైపు చాపాడు. "పెట్టు పాపా," అన్నాడు.

నాకు చిన్నతనం గుర్తొచ్చింది. బడి నుంచి ఏడుస్తూ వస్తే ఆయన ఇలాగే తుండు కప్పి చెయ్యి చాపేవాడు. ఎన్ని దెబ్బలు తిన్నానో, ఎన్ని మార్కులు పోయాయో వేళ్ళతో చెప్పేదాన్ని. నోటితో చెప్పలేనివన్నీ అక్కడ చెప్పేదాన్ని. నేను చెయ్యి పెట్టాను. గరుకు చెయ్యి, ఏళ్ళ తరబడి మిరపకాయలు తాకి తాకి ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆయన వేళ్ళు రెండు పట్టుకుని నొక్కాను.

"రెండు," అన్నాడు మెల్లగా. ఎవరు, ఏమిటి అని అడగలేదు. ఆ మనిషికి ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. "దేంట్లో?" అన్నాడు.

"అనుకోలా నాయనా. మరిచిపోతిని."

వక్క నమలడం ఆపాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"అట్టయితే అది బేరమే కాదు పాపా," అన్నాడు. "దేంట్లో అని పైన అనుకోకుండా కింద ఎన్ని వేళ్ళు పట్టుకున్యా అది ఉత్త చెయ్యి పట్టుకునేదే. దానికి కట్టుబాటు లేదు, దాచిపెట్టేదీ లేదు. నోటితో అడగొచ్చు. తప్పులేదు." తుండు తీసి మళ్ళీ కుర్చీ వెన్నుకే వేశాడు. "సీక్రం అడుగు. ఊరికే కాచుకుంటే సరుకు పురుగు పట్టిపోతాది," అని చెప్పి బయటికి పోయాడు.

ఫోను చేశాను.

"జగన్, ఆ పొద్దు బోటులో రెండు అంటివే, అది దేంట్లో?"

"రెండా? ఏం రెండు?"

"తుండు కింద. నా రెండు వేళ్ళు పట్టి నొక్కితివి గదా."

అతను గుర్తు తెచ్చుకుంటున్నాడు. వెనక ఎక్కడో కుక్కర్ కూత వేసింది. "అదా! నీ చెయ్యి ఐసులా ఉంది కదా రంజీ. వెచ్చబడుతుందని పట్టుకున్నాను. రెండు వేళ్ళే దొరికాయేమో, నేను చూసుకోలేదు," అన్నాడు. అతని గొంతులో ఏ మోసమూ లేదు. నిజంగానే నన్ను వెచ్చగా ఉంచాలనుకున్నాడు.

నా వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఇన్ని నెలలు నేను దాచుకున్నదంతా అంతే. అతను నన్ను ప్రేమించలేదని అనలేను, ఆ నొక్కులో ప్రేమ ఉంది, ఇప్పటికీ వేళ్ళకు తెలుస్తోంది. మాటే లేదు.

"సరే. ఇప్పుడు నోటితోనే అడుగుతుండా," అన్నాను. "మా నాయన దగ్గరికి ఎప్పుడొస్తావు?"

తుండు కింద అయితే ఎదుటి మనిషి ఆలోచిస్తున్నాడో, జారుకుంటున్నాడో చేతికి తెలిసిపోతుంది. ఫోనులో ఏమీ తెలియదు. చివరికి అతను అన్నాడు:

"నిజం చెప్పనా? ఆ రోజు నువ్వు మళ్ళీ అడుగుతావేమోనని భయపడ్డాను. ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించుకుని వచ్చాను, నా వల్ల కాలేదు. నువ్వు అడక్కుండా చెయ్యి ఇచ్చేసరికి, అర్థం చేసుకున్నావులే అనుకున్నాను. మా అమ్మకి ఇంకా చెప్పలేదు రంజీ. చెప్పగలనని నేను అనుకోవట్లేదు. నిన్ను ఆగమని అనలేను."

"ఈ మాట అప్పుడే చెప్పుంటే..." అన్నాను. అప్పుడే చెప్పి ఉంటే నాకు ఆ చెరువు మధ్య ఆ సంతోషం ఉండేది కాదు. అది లేకుండా ఉండడం కూడా నాకు ఇష్టం లేదు.

అతను ఏడుస్తున్నాడు. నేను ఏడవలేదు. కుక్కర్ దించుకో, మాడిపోతుంది అని చెప్పి ఫోను పెట్టేశాను.

హాల్లో మా నాయన చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆదివారమైనా సాయంత్రం ఒకసారి మండీ చూసి రాకపోతే ఆయనకు తోచదు. నా ముఖం చూశాడు. ఏమైంది అని అడగలేదు. కుదరని బేరం గురించి ఎవరూ ఎవరినీ అడగరు. గుండీలు పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి, చెయ్యి చాపాడు.

"ఆ తుండు దులిపి ఇట్ట ఇయ్యి పాపా," అన్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు.

గదిలోకి పోయి తుండు అందుకున్నాను. ఘాటు తగ్గింది, ఇంకా ఉంది. రెండు కొసలూ పట్టుకున్నాను. ఒక్కసారి విదిలిస్తే అయిపోతుంది, మా తాత దులిపాడు, మా నాయన ఎన్నోసార్లు దులిపాడు, దులిపి టీ తాగడానికి పోయారు. నాకు చెయ్యి రాలేదు. అలాగే పట్టుకుని గుమ్మందాకా వచ్చాను.

"ఇంకా ఆరలేదు నాయనా," అన్నాను.

మద్రాసులో వాన పడి ఎన్నాళ్ళయిందో. బయట ఎండ పెళపెళలాడుతోంది. మా నాయన నా చేతిలో కరకరలాడుతున్న ఆ ఎండు గుడ్డను ఒకసారి తాకి చూశాడు.

"అవును పాపా, తడిగానే ఉండాది. ఉండనీ," అన్నాడు. దండెం మీంచి ఇంకో తుండు తీసి భుజాన వేసుకుని, మెట్లు దిగి మండీకి పోయాడు.